మొక్కల మధ్య రసాయనాలను చదివే పిల్లలు మన సరిహద్దులో తయారవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం. వంశధార ఒడ్డున ఉంటాం. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఆఫీసుల్లో రాసేది ఒడియా, సంతలో సగం బేరం సవర భాషలో నడుస్తుంది. చాలా ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉత్తరం కాస్త పొడవైంది. వీలైనంత వరకు కోత పెట్టకుండా వేయమని మనవి.

నేను అడుగుతున్నది ఒక్కటే. ఒక మొక్క వేరు నుంచో ఆకు నుంచో బయటికి వచ్చే రసాయనాలు పక్క మొక్కను ఎలా పెంచుతాయో, ఎలా అణిచేస్తాయో పరిశీలించే శాస్త్రాన్ని అల్లెలోపతి అంటారు. ఆ శాస్త్రంలో మన కుర్రవాళ్లకు, ఆడపిల్లలకు పొలంలోనే శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఒకటి శ్రీకాకుళం, మన్యం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల మధ్య ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి. దీన్ని రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలూ కలిసి తలకెత్తుకోవాలి.

ఇక్కడే ఎందుకంటే, ప్రశ్నలన్నీ ఇక్కడి గరువుల్లోనే, అంటే మెట్ట పొలాల్లోనే ఉన్నాయి. మా చుట్టుపక్కల కాగితం మిల్లుల కోసం నీలగిరి, సరుగుడు, సుబాబుల్ వేస్తున్నారు. నీలగిరి తోట గట్టును ఆనుకున్న చెక్కలో (పొలం ముక్కలో) చోళ్లు (రాగులు) వేసిన రైతు, మొదటి నాలుగైదు చాళ్లు గిడసబారిపోతాయంటాడు. తోట యజమాని మాత్రం అది నీడ వల్లేనంటాడు. చెట్టు నీళ్లు లాగేస్తోందని మూడో మనిషి, ఆకులో విషం ఉందని నాలుగో మనిషి. నలుగురిలో ఎవరి మాట నిజమో తేల్చగలిగినవాళ్లు మా దగ్గర లేరు. నలుగురూ కొంత కొంత నిజం చెబుతూ ఉండవచ్చు కూడా. ఆ కొంత ఎంతో కొలిచి చెప్పడం నేర్పే చదువు కావాలి.

ఈ విషయంలో మన చదువుల తీరు చూసి బాధపడే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏటా పీజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు నా చేతికి వచ్చేవి. వాటిలో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉండేవి. ఏదో కలుపు మొక్క ఆకు తెచ్చి నూరుతారు, నీళ్లలో నానబెట్టి వడగడతారు, ఆ రసాన్ని పెట్రి డిష్ అనే చిన్న గాజు పళ్లెంలో పెసర గింజల మీద పోస్తారు. మొలక తగ్గితే, ఈ మొక్క పక్క మొక్కలను చంపే రసాయనాలు విడుదల చేస్తుందని రాసేస్తారు. చిక్కటి ఆకు రసం ఏదైనా సరే, అందులోని లవణాలు, చక్కెరల వల్లే గింజ నీళ్లు పీల్చుకోలేక మొలక తగ్గిపోవచ్చు. కొత్తిమీర నూరి పోసినా మొలక తగ్గుతుంది. పొలంలో ఏ మొక్కా తనను తాను నూరుకుని పక్క మొక్క మీద పోసుకోదు కదా. వాన పడితే ఆకు మీంచి కారేది ఎంత, వేరు నుంచి ఊరేది ఎంత, రాలిన ఆకు కుళ్లితే మట్టిలో మిగిలేది ఎంత అన్నవే అసలు లెక్కలు. ఆ లెక్కలు పిల్లలకు ఎవరూ అప్పగించలేదు. మార్కులు మాత్రం బాగానే పడ్డాయి.

ఇది మన దగ్గరే జరిగిన పొరపాటేమీ కాదు. 1964లో అమెరికాలో సి.హెచ్.ముల్లర్ బృందం కాలిఫోర్నియా కొండల్లో సువాసన గల సాల్వియా పొదల చుట్టూ మీటరు, రెండు మీటర్ల మేర గడ్డి మొలవని బోడి నేల చూసి, పొద ఆకుల నుంచి లేచే ఆవిర్లే దానికి కారణమని రాసింది. ప్రపంచమంతా ఆ ఫోటోలు పాఠాల్లో చూసింది. 1970లో బార్తొలొమ్యూ అనే యువ పరిశోధకుడు ఆ బోడి నేల మీద తీగ వల పంజరాలు పెట్టాడు. పంజరం లోపల గడ్డి చక్కగా మొలిచింది. పొదల్లో దాక్కునే ఎలుకలు, కుందేళ్లు, పిట్టలు దగ్గరలో దొరికిన గింజనూ మొలకనూ తినేస్తున్నాయని అప్పుడు తెలిసింది. ఆవిర్లలో విషం లేదని ఆ పంజరం రుజువు చేయలేదు. బోడి నేలకు అదొక్కటే కారణమన్న మాట మాత్రం నిలవలేదు. ఒక తీగ వలతో ఎంత పెద్ద ప్రశ్న అడగవచ్చో మా పిల్లలకు తెలియాలి. ఇంకా దగ్గరి కాలంలో, ఒక కలుపు మొక్క వేళ్ల నుంచి కాటెచిన్ అనే విషం కారుతుందని 2003లో పేరున్న పత్రికలో వచ్చిన వ్యాసాన్ని 2010లో రచయితలే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మట్టిలో అంత మోతాదు ఉందన్న కొలతలు ఇతరులకు దొరకలేదు.

అలాగని ఈ శాస్త్రమంతా ఉత్తిదేనని ఎవరూ అనుకోకూడదు. జొన్న సంగతి చూడండి. మొలకెత్తిన జొన్న గింజను నీళ్లలో ముంచకుండా, తడి అద్దుడు కాగితం మీద చీకట్లో వారం రోజులు ఉంచి, వేరును భూతద్దం కింద పెట్టండి. వేరు మీద సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు కొసల్లో పసుపుపచ్చగా, బంగారు రంగులో చిన్న చిన్న బొట్లు మెరుస్తూ కనబడతాయి. అది సోర్గోలియోన్. 1986లో దాన్ని గుర్తించి పేరు పెట్టారు. ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ జరిగే చోటే అడ్డుపడి చిన్న గింజల కలుపును అది దెబ్బతీస్తుంది. నా క్లాసులో ఈ బొట్లు చూసిన పిల్లలు భూతద్దం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కునేవారు. పుస్తకంలో చదివిన రసాయనం కంటికి కనబడితే పిల్లల ముఖాలు ఎలా మారతాయో ఆ రోజుల్లో చూశాను. ఈ చదువు నిలబడుతుందని నాకు నమ్మకం కలిగించింది అదే.

అయినా ఆ జొన్న విషయంలో కూడా తొందరపడకూడదు. జొన్న కోసిన చెక్కలో తర్వాత వేసిన పైరు పచ్చబడకుండా ఉండిపోతుందని మెట్ట రైతులందరికీ తెలుసు. అది సోర్గోలియోన్ చేసే పనా? జొన్న మోళ్లు కుళ్లేటప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు నత్రజనిని తామే పట్టేసుకుంటాయి, పైరుకు మిగలదు. రెండింటినీ విడదీయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కొన్ని చాళ్లకు యూరియా వేసి, కొన్ని చాళ్లకు వేయకుండా చూస్తే చాలు. యూరియా పడ్డ చాళ్లు కోలుకుంటే ఎక్కువ భాగం నత్రజని ఆకలి. పడ్డా కోలుకోకపోతే అప్పుడు రసాయనం వెనక వెళ్లాలి.

ఇలాంటిదే ఇంకో పరీక్ష నాకు చాలా ఇష్టం. 1989లో వైడెన్‌హేమర్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు రాసిన పద్ధతి అది. ఒకే మట్టిని కుండీల్లో నింపి, కొన్నింటిలో నాలుగైదు గింజలు, కొన్నింటిలో ఇరవై దాకా వేస్తారు. నీటి కోసమో ఎరువు కోసమో పోటీ అయితే ఎక్కువ మొక్కలున్న కుండీలో ఒక్కో మొక్క చిన్నదవుతుంది. మట్టిలో విషం ఉంటే అది మొక్కలన్నిటికీ పంపకమైపోతుంది కాబట్టి, తక్కువ మొక్కలున్న కుండీలోనే ఒక్కో మొక్కకు పడే దెబ్బ ఎక్కువ. ఫలితం తలకిందులవుతుంది. కుండీలు, మట్టి, త్రాసు ఉంటే మా జిల్లాలో ఏ కాలేజీలోనైనా ఇది చేయొచ్చు. మట్టిలో బొగ్గుపొడి కలిపి రసాయనాన్ని పట్టేయించే పద్ధతి కూడా ఉంది. ఆ బొగ్గు మట్టిలోని పోషకాలను కూడా మార్చేస్తుందని, అందుకు వేరే కుండీలు పెట్టుకోవాలని మొదటి రోజే చెప్పాలి.

వరి దగ్గరికి వస్తే మన ప్రాంతానికి ఉన్న సంపద ఎవరికీ లేదు. 1973లో జపాన్ శాస్త్రవేత్తలు వరి ఊక నుంచి మొమిలాక్టోన్లు అనే రసాయనాలు వేరు చేశారు. వరి వేళ్లు కూడా వాటిని మట్టిలోకి వదులుతాయని తర్వాత తేలింది. వాటిని తయారుచేసే జన్యువులను పనిచేయకుండా చేసిన వరి మొక్కలు ఊద గడ్డిని అణిచే శక్తిని చాలావరకు పోగొట్టుకున్నాయని 2012లో చూపించారు. జన్యువు తీసేసి చూడటమంటే ఆకు నూరి పోయడం కంటే ఎంతో గట్టి సాక్ష్యం. అమెరికాలోని ఆర్కాన్సాస్‌లో డిల్డే అనే శాస్త్రవేత్త సుమారు 12,000 వరి రకాలను పొలంలో వేసి చూస్తే, నాలుగు వందల పైచిలుకు రకాలు తమ చుట్టూ ఒక నీటి కలుపును రానివ్వలేదు. అంటే నూటికి మూడు, నాలుగు.

ఇప్పుడు మన వైపు చూడండి. కోరాపుట్ జిల్లాలోని జైపూర్ ప్రాంతం వరికి ఒక పుట్టిల్లు లాంటిదని శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో అంటున్నారు. 1955 నుంచి 1959 దాకా కటక్ వరి పరిశోధన సంస్థవాళ్లు ఈ కొండల్లో తిరిగి 1,700 పైచిలుకు నాటు రకాలు సేకరించారు. 2012లో కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారసత్వ సంపదగా గుర్తించింది. పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి గారు చదువు లేకపోయినా ఇంటింటికీ తిరిగి ఈ విత్తనాలు నిలబెట్టి 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆమె కాలం చేశారు. ఆమెలాంటి తల్లులు దాచిన ఈ రకాల్లో ఊదను, తుంగను దగ్గరికి రానివ్వనివి ఎన్ని? మన పిల్లలే పొలంలో దిగి తేల్చాల్సిన ప్రశ్న ఇది. నాటు రకాలు చాలావరకు పొడుగు, నీడతో కూడా కలుపును తొక్కేస్తాయి. కాబట్టి ఎత్తూ నీడా ఒక లెక్క, వేరు రసాయనం మరో లెక్క. రెండూ కలిపేస్తే మళ్లీ పాత ప్రాజెక్టు రిపోర్టే తయారవుతుంది.

దీనివల్ల ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లు ఉంటారు. మా దగ్గర కలుపు తీసేది ఆడవాళ్లు. ఉభాలు (వరి నాట్లు) అయ్యాక వానలో నడుం వంచితే సాయంత్రానికి గానీ లేవరు. ఇళ్లలోని మగవాళ్లు వలస పోయాక ఆ పని కూడా మనిషి దొరక్క, దుకాణంలో ఇచ్చిన కలుపు మందు డబ్బా తెచ్చి కొడుతున్నారు. మాస్కు ఉండదు, గ్లవ్స్ ఉండవు, చాలామందికి డబ్బా మీది అక్షరాలు చదవడం రాదు. కలుపును కొంతైనా తానే ఆపుకునే రకం దొరికితే ఆ తల్లుల నడుములకు ఒకటి రెండు తీతలైనా తప్పుతాయి. నా మటుకు ఈ శాస్త్రం విలువ అక్కడ ఉంది.

కలుపు మందుల కంపెనీలు కూడా ఈ శాస్త్రాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాయో చెప్పాలి. 1977లో కాలిఫోర్నియాలో ఒక కంపెనీ శాస్త్రవేత్త బాటిల్‌బ్రష్ చెట్టు కింద కలుపు సరిగా మొలవడం లేదని గమనించాడు. ఆ మట్టి నుంచి లెప్టోస్పెర్మోన్ అనే రసాయనం దొరికింది. దాన్ని మార్చి మార్చి మీసోట్రయోన్ అనే కలుపు మందు చేసి, 2001లో మొక్కజొన్నకు అమ్మకానికి తెచ్చారు. ఇప్పుడు మన రైతులు మొక్కజొన్నలో కొడుతున్న టెంబోట్రయోన్ ఆ కోవలోదే. బాటిల్‌బ్రష్ మన ఆఫీసు ఆవరణల్లో బోలెడన్ని ఉన్నాయి. చూసే కళ్లను తయారుచేయడమే మనం చేయని పని.

మన దేశానికి ఈ రంగం కొత్త కూడా కాదు. అల్లెలోపతి అన్న పేరును 1937లో పెట్టిన ఆస్ట్రియా శాస్త్రవేత్త హాన్స్ మోలిష్ అంతకు కొన్నేళ్ల ముందే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గారి సంస్థకు వచ్చి పనిచేసి వెళ్లారు. అంతర్జాతీయ అల్లెలోపతి సంఘం 1994లో పుట్టింది న్యూఢిల్లీలోనే. మన తెలుగు నేల మీద అయితే, రసాయన శాస్త్రవేత్త టి.ఆర్.శేషాద్రి గారు 1934 నుంచి 1949 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కూర్చుని పూల రంగుల్లో, బెరడుల్లో ఉన్న రసాయనాలను విడదీసి ప్రపంచానికి చూపించారు. మొక్కల రసాయన శాస్త్రంలో మనకు అంత పెద్ద గురుపరంపర ఉంది. అక్కడి నుంచి మా ఊరికి రైలు ఉంది. పొద్దున్న మా దగ్గర తవ్విన మట్టిని ఐసు పెట్టెలో పెట్టి గుణుపురం రైలెక్కిస్తే పర్లాకిమిడి, నౌపడ మీదుగా అదే రోజు విశాఖలో ల్యాబుకు చేర్చవచ్చు. ఐసు ఎందుకంటే మట్టిలోని సూక్ష్మజీవులు ఊరుకోవు. కొన్ని రసాయనాలను తినేస్తాయి, కొన్నింటిని ఇంకా ఘాటైనవిగా మార్చేస్తాయి. మట్టి తెచ్చి బల్ల మీద వదిలేసి తీరిగ్గా వారం తర్వాత కొలిస్తే, కొలిచింది పొలంలో ఉన్నది కాదు.

శిక్షణ ఎలా ఉండాలో నా మనసులో ఒక రూపం ఉంది. మూడు రోజుల వర్క్‌షాపు, సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో, అలాంటిది వద్దు. ఒక పూర్తి పంట కాలం ఉండాలి. జూన్ దుక్కి నుంచి చోళ్లు, వరి కోతల దాకా పిల్లలు ఊళ్లోనే ఉండాలి. పది మందికి మించక్కర్లేదు. నైరా వ్యవసాయ కళాశాల నుంచి కొందరు, ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి కొందరు, కోరాపుట్ కేంద్రీయ విశ్వవిద్యాలయం నుంచి కొందరు ఉండొచ్చు. సిమిలిగుడ, విజయనగరం, రాగోలు పరిశోధన స్థానాల్లో చిరుధాన్యాలూ వరీ తెలిసిన పెద్దలు ఉన్నారు. వాళ్లు పొలం నేర్పితే, వాల్తేరు రసాయనం నేర్పాలి. గణాంక శాస్త్రం మొదటి నెలలోనే చెప్పాలి. ఎన్ని కుండీలు, ఎన్ని చాళ్లు పెట్టాలో పంట వేశాక అడిగితే ఎవరూ బాగుచేయలేరు.

ఆ పది మందిలో సవర ఇళ్ల ఆడపిల్లలు తప్పకుండా ఉండాలి. ఇది దయతో చెబుతున్న మాట కాదు. ఏ పంట తర్వాత ఏ కలుపు తగ్గుతుందో, ఏ చెట్టు కింద కంది బాగుంటుందో, ఏ ఆకు ఎరువు వేస్తే సామలు మొలవవో వాళ్ల అమ్మమ్మలకు తెలుసు. వలిసెలు తీసిన చెక్కలో చోళ్లు వేస్తే కలుపు పలచగా వస్తుందని మా దగ్గర ముసలివాళ్లు చెబుతారు. ఎక్కడో ఇథియోపియా రైతులకు కూడా వలిసెల గురించి ఇలాంటి అనుభవమే ఉంది. దూలగొండి అల్లుకున్న చోట గడ్డి నిలవదని కూడా వింటాం. దాని వెనక ఎల్-డోపా అనే రసాయనం ఉందని జపాన్‌లో ఫుజీ అనే శాస్త్రవేత్త చూపించారు. వణుకుడు జబ్బుకు వాడే మందు కూడా అదే. అమ్మమ్మ మాటను తీసిపారేయకుండా, అలాగని గుడ్డిగా నమ్మకుండా, కుండీలో పెట్టి అడగడం తెలిసిన మనవరాలు ఉంటే ఆ జ్ఞానం రెండు విధాలా బతుకుతుంది.

చంపే రసాయనాలే నేర్పితే సగం చదువే అవుతుంది. మొక్కలు ఒకదాని జాడ ఒకటి పసిగట్టే రసాయనాలు కూడా ఉన్నాయి. జొన్నమల్లె అనే, వేరే మొక్క వేరు మీద బతికే కలుపు గింజ ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉండి, జొన్న వేరు వదిలే స్ట్రైగోలాక్టోన్ తగిలితేనే మొలిచి ఆ వేరుకే అతుక్కుంటుంది. వేరు ఆ రసాయనాన్ని ఎందుకు వదులుతుందో చాలాకాలం అర్థం కాలేదు. భాస్వరం తెచ్చిపెట్టే మేలు చేసే శిలీంధ్రాలను పిలవడానికని 2005లో తెలిసింది. మేలు కోసం వేసిన కేకను దొంగ కూడా వింటున్నాడన్నమాట. కెన్యాలో ఇసిపే అనే కీటక పరిశోధన సంస్థ మొక్కజొన్న చాళ్ల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్క వేయించింది. దాని వేళ్లు ఆ గింజలను మొలిపిస్తాయి గానీ అతుక్కోనివ్వవు, మొలిచినవి ఆకలితో చస్తాయి. మందు డబ్బా లేకుండా చిన్న రైతుకు నేరుగా అందిన ఫలితం అది. ఇలాంటి ఒక్క ఫలితం మన కొండల నుంచి వస్తే నా ప్రాణం లేచొస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ పిల్లలకు నెలనెలా బతకడానికి సరిపడా స్టైపెండ్ సమయానికి ఇవ్వాలి. డబ్బు ఆగితే పేదింటి పిల్ల మొదట మానేస్తుంది. ఫలితం ఏమీ రాలేదు అన్న ప్రయోగాన్ని కూడా పరీక్షలో పాస్ చేయాలి. పెట్రి డిష్ మీద పని చేసిన ప్రతి రసమూ పొలంలో పనిచేయదు. పనిచేయలేదని రాసిన పిల్లకు తక్కువ మార్కులు వేస్తే, మరుసటి ఏడు పిల్లలు పనిచేసిందనే రాస్తారు. ఆ టెన్షన్‌లో ఎంతమంది తెలివైన పిల్లలు అబద్ధపు గ్రాఫులకు అలవాటుపడ్డారో చూసినదాన్ని.

రాసింది ఇంగ్లిషులోనే ఉండిపోకూడదు. తెలుగులో, ఒడియాలో ఒక పేజీ రాసి, ప్రయోగానికి చెక్క ఇచ్చిన రైతుకు చదివి వినిపించాకే నివేదిక పూర్తయినట్టు లెక్క పెట్టాలి. సవర ఊళ్లలో ఆ పని ఆ ఇంటి పిల్లే చేస్తుంది.

నైరా, సిమిలిగుడ, వాల్తేరుల్లో పనిచేస్తున్న అధ్యాపకులు మీ పత్రిక చదువుతారు. ఎవరైనా ఒకరు ముందుకొస్తే మిగతావాళ్లను కూడగట్టే పని మేం కొందరం రిటైరైన టీచర్లం చూసుకుంటాం. నీలగిరి తోట పక్కన మా అన్నయ్యది ఒక గరువు చెక్క ఉంది, ప్రయోగాలకు ఇస్తానని ఒప్పుకున్నాడు. తీగ వల, కుండీలు మేం కొంటాం. పిల్లలు ఉండటానికి మా ఇంటి వెనక రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. మే నెలలోపు మీ పత్రిక ద్వారా కబురు చేస్తే, తొలకరికి ముందే ఆ చెక్కలో మట్టి నమూనాలు తీయించి ఉంచుతాం.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా